పోగు వాసి

"ఒక పోగు ఎడమకి," అంది మాణిక్యం, తల ఎత్తకుండానే.

పక్క బల్ల దగ్గర గణపతి చేతిలోని అచ్చు బట్టకి బెత్తెడు ఎత్తులో ఆగింది. ఆయన మణికట్టు కదిలీ కదలనట్టు కదిలింది. అచ్చు దిగింది. దాని వీపు మీద పిడికిలి ధబ్‌మని ఒకటే దెబ్బ వేసింది. మాణిక్యం కంటి కొసతో చూసింది. నల్లగీత లోపల ఆకు నిండుగా తడిసింది. గీత దాటలేదు.

"వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్."

పెడనలో కాంతారావు కలంకారీ షెడ్డులో ఆరు బల్లలున్నాయి. మూడోది మాణిక్యానిది, నాలుగోది గణపతిది. రెండు బల్లల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఆ సందులోంచి ఏడాదిన్నరగా ఈ మాటలు నడుస్తున్నాయి. మూడో మనిషికి వినపడేంత గట్టిగా ఎప్పుడూ లేవలేదు.

కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన బట్ట లేత పసుపు తిరుగుతుంది. దాని మీద ముందు నల్లగీతలు అచ్చు వేస్తారు. తర్వాత ఆ గీతల లోపల పటిక నీళ్ళ అచ్చు వేస్తారు. పటికకి రంగుండదు. గంజి చింది ఆరిన మరకలాగా, వంగి చూస్తేనే కనపడుతుంది. బట్టని కాలువలో జాడించి రాగి బానలో ఎర్ర రంగు నీళ్ళలో ఉడకబెట్టినప్పుడే, పటిక పడిన చోటల్లా ఎరుపు పైకి లేస్తుంది. అప్పటిదాకా ఎవరు ఎక్కడ తప్పు వేశారో బట్ట బయటపెట్టదు.

గణపతికి నల్లగీత మసగ్గా కనపడుతుంది. పటిక అసలు కనపడదు. గుడివాడలో ఏదో క్యాంపులో ఒక కంటికి చేసిన ఆపరేషను బెడిసికొట్టాక, రెండో కన్ను దేవుడికి తప్ప ఎవరికీ చూపించనన్నాడు. కాంతారావుకి ఈ సంగతి తెలియదు. మాణిక్యానికి తెలుసు. అయిదో బల్ల పార్వతికి అనుమానం ఉంది గాని, ఆవిడ అనుమానాలు ఆవిడకి చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం మూడింటికి కాంతారావు బందరు నుంచి వచ్చాడు. చంకలో నీలం ఫైలు ఉంది. చిన్న వ్యాపారాల వాళ్ళకి రెండు రోజులు క్లాసులు పెడితే వెళ్ళాడు. 'సంక్షోభంలో నిలదొక్కుకోవడం ఎలా' అని ఫైలు మీద లావు అక్షరాలు. గోడవారనున్న మూటల వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. అమెరికా వాడు సుంకం యాభై శాతం చేశాక ఓడెక్కకుండా ఆగిపోయిన సరుకు అది. టేబుల్ గుడ్డలు, దిండు గలేబులు. పై మూట మీద పిల్లి ఈనింది. దాన్ని తోలడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు.

"అందరూ ఇటు రండి. మావయ్యా, మీరు కుర్చీలో కూర్చోండి," అన్నాడు గణపతితో.

"ఏం, నిలబడి వినలేని మాటా?" అంటూనే గణపతి కూర్చున్నాడు.

కాంతారావు మంచివాడే. కూలి ఎగ్గొట్టిన మనిషి కాదు. ఆ మంచితనమే ఇప్పుడు గొంతుకి అడ్డం పడుతున్నట్టు రెండుసార్లు దగ్గాడు.

"ఆరు బల్లలూ నడిపితే దీపావళికి ఆరూ మూతపడతాయి. రెండు నడిపితే రెండన్నా మిగులుతాయి. రెండు మిగిలితే మంచి రోజులొచ్చినప్పుడు మళ్ళీ ఆరు చేసుకోవచ్చు. క్లాసులో అదే చెప్పారు. ఏది నిలబెట్టుకోగలవో చూసుకో, మిగతాది వదిలేసుకో అని."

"అమెరికాలో ఆయనకి మన పెడన ఎక్కడుందో తెలుసంటావా వదినా?" పార్వతి మాణిక్యం చెవిలో అంది.

"తెలీదు."

"తెలీకే ఇంత కొట్టాడు. తెలిసుంటే రేకులు కూడా ఊడదీసుకుపోయేవాడు."

మొదటి బల్ల క్రాంతి కుమార్ ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. షెడ్డులో అందరికన్నా వేగం గలవాడు. "ఏ రెండండీ?" అన్నాడు.

"నేను వేలుపెట్టి చూపిస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. మీ చేతులే చెప్పాలి. రేపట్నుంచి మూడ్రోజులు తలా ఒక తాను బట్ట వెయ్యండి. అందరికీ ఒకటే డిజైను, మామిడి తీగె. ఉడకబెట్టాక మీ అందరి ముందే పరుస్తాను. ఏ రెండు తానులు బాగుంటే ఆ ఇద్దరూ ఉంటారు."

"మూడ్రోజులకి కూలి?" పార్వతి అడిగింది.

"పరీక్ష కదా పార్వతీ. పరీక్ష రాసినందుకు ఎవరన్నా కూలిస్తారా?"

"ఎదురు ఫీజు కట్టమన్లేదు. అదే పదివేలు."

రెండో బల్ల, ఆరో బల్ల కూచిపూడి వైపు నుంచి వచ్చే మొగుడూ పెళ్ళానివి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఉండాలి, లేదా ఒకరుండి ఒకరు పోవాలి. ఎవరో ఇంకా తేల్చుకోలేనట్టు చూపులు దించుకున్నారు.

"ఇంకోటి," అన్నాడు కాంతారావు, ఫైలు తాడు ముడి వేసుకుంటూ. "ఎవరి తాను వాళ్ళదే. పక్క బల్లకి సాయాలు, చెప్పడాలు ఉండకూడదు."

మాణిక్యం చటుక్కున ఆయన వంక చూసింది. ఆయన చూపు ఆమె మీద లేదు. ముడి మీద ఉంది. తెలిసి అన్నాడో ఊరికే అన్నాడో ఆ ముడిలోంచి తేలలేదు.

గణపతి నవ్వాడు. "ముప్పై ఎనిమిదేళ్ళ చేతికి పరీక్ష పెట్టావట్రా అబ్బాయ్. మీ నాన్న ఈ చెయ్యి చూసి అచ్చులు చెక్కించేవాడు."

"అందుకే కదా మావయ్యా, మీకేం భయం."

సాయంత్రం ఇంటికి నడుస్తూ మాణిక్యం లెక్క వేసింది. ఇంట్లో మగ్గం ఉగాది నుంచి ఆగి ఉంది. తోడికోడలు రజని రొయ్యల షెడ్డులో తలలు తీసేది. ఆ సుంకమే దాన్నీ ఇంట్లో కూర్చోబెట్టింది. అయిదుగురి కంచాలు ఇప్పుడు మూడో బల్ల మీదే ఉన్నాయి. క్రాంతి ఖాయం. వాడి చేతికి వంక లేదు. పార్వతి తొందర మనిషి, అంచుల దగ్గర అలుకుతుంది. కూచిపూడి వాళ్ళు పని పట్టి మూడేళ్ళే. మిగిలింది ఒక్క చోటు. తను నోరు విప్పితే అది గణపతిది. విప్పకపోతే తనది.

రైల్వే గేటు వేసి ఉంది. రైలు పోయి గేటు లేచినా ఆమె కాసేపు అక్కడే నిలబడింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాక కదిలింది.

*

మొదటి రోజు నల్లగీతలు. గీతలకి గణపతికి ఎవరి కన్నూ అక్కర్లేదు. బట్ట అంచు వేళ్ళతో తడుముతూ, జానలు కొలుచుకుంటూ, మధ్యాహ్నానికే సగం తాను నింపేశాడు. అచ్చుని రంగు పెట్టెలో అద్దడం, విదిలించడం, వెయ్యడం, కొట్టడం అన్నీ ఒకే ఊపిరిలో నడిచిపోయాయి. క్రాంతి కూడా ఒకటి రెండుసార్లు ఆగి చూశాడు.

రెండో రోజు పటిక.

గణపతి అచ్చుని కళ్ళకద్దుకుని, పెట్టెలో అద్ది, బట్ట మీదికి తెచ్చి ఆపాడు. అలవాటుగా తల కొంచెం ఎడమకి, మాణిక్యం బల్ల వైపుకి వంచాడు.

మాణిక్యం తన అచ్చు వేసింది. ధబ్.

ఆయన ఆగాడు. "మాణిక్యం," అన్నాడు, పెదవి దాటీ దాటకుండా.

కాంతారావు షెడ్డులో లేడు. వెనక కరక్కాయలు దంచే చోట ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ గొంతు దూరంగా వినపడుతూనే ఉంది. ఇటు పార్వతి తన తాను మీదికి వంగి ఉంది. ఒక్క మాట అనడానికి ఎవరూ అడ్డు లేరు.

ధబ్. ధబ్. మాణిక్యం ఎప్పుడూ అంత గట్టిగా కొట్టదు. అచ్చు వీపు అరచేతి అంచున కాయ కాసిన చోట నొక్కి నొప్పెట్టింది.

గణపతి గొంతు సవరించుకున్నాడు. అచ్చు మీద పటిక ఆరిపోతోంది. దాన్ని మళ్ళీ పెట్టెలో అద్దాడు. ఎడం చేతి చూపుడు వేలితో నల్లగీతని వెతికి, గోరు దాని మీద ఆనించి, ఆ గోటి పక్కన అచ్చు దించాడు. పిడికిలి లేచింది. పడింది.

మాణిక్యం చూడకూడదనుకుని చూసింది. రెండు పోగులు కుడికి పోయింది.

తర్వాత ఆకు ఒక పోగు. ఆ తర్వాత పువ్వు మూడు పోగులు కిందికి. ఒకటి సరిగ్గా పడింది. ఆ సరిగ్గా పడినదాన్ని మాణిక్యం రెండోసారి వంగి చూసింది. ఇలాగే పడుతూ పోతే ఎలాగ అన్న భయం ఆమెలోంచే వచ్చింది. తర్వాతది మళ్ళీ జారింది. ఆమె ఊపిరి కుదుటపడింది.

అన్నాల వేళ గణపతి క్యారేజీ తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. మజ్జిగ మిరపకాయ ఒకటి ఆమె మూతలో పెట్టాడు.

"నువ్వు మాట్లాడకపోవడం మంచిదైంది అమ్మాయ్. వాడు వద్దన్నాడుగా. వింటే నిన్నూ తీసేసేవాడు."

మాణిక్యం ముద్ద నోట్లో పెట్టుకుంది.

"నాకేం దిగుల్లేదు. చేతికి తెలుసు. రెండో ఆకు దగ్గర్నుంచీ దారిలో పడిపోయింది." ఆయన మెతుకులు ఏరుకుంటూ మళ్ళీ అన్నాడు, "ఇద్దరం ఉంటాం చూడు. క్రాంతిగాడిది వేగం. పరీక్షలో వేగం ఎవడు చూస్తాడు?"

ఆమె మిరపకాయ తిన్నది. కారం ముక్కు దాకా ఎక్కి కళ్ళు తుడుచుకోవడానికి వీలిచ్చింది.

మూడో రోజు ఆయన ఆమెని పిలవలేదు. ఆమె కోసమే పిలవలేదు.

*

నాలుగో రోజు ఆరు తానులూ కాలువలో జాడించారు. నడుం లోతు నీళ్ళలో నిలబడి క్రాంతి ఒక కొస, కూచిపూడి మనిషి ఒక కొస పట్టుకుని పారే నీళ్ళకి వదిలితే, ఎక్కువైన పటిక తెల్లటి పొగలా విడిపోయింది. తర్వాత రాగి బాన. కింద సరుగుడు కట్టెలు. కాంతారావు స్వయంగా కర్రతో తిప్పాడు. ఎర్రటి నీళ్ళలో బట్టలు మునిగి తేలుతున్నాయి.

ఆరినవాటిని కాంతారావు అందరి ముందూ పక్కపక్కన పరిచాడు.

క్రాంతిది వంక పెట్టడానికి లేదు. మాణిక్యంది కూడా. గణపతి తానులో ఎరుపు నల్లగీతల్లో కూర్చోలేదు. ఒక చోట కొంచెం, ఇంకో చోట ఎక్కువ, ఆకులన్నీ తమ గీతల్లోంచి లేచి పక్కకి ఒత్తిగిలినట్టున్నాయి. ఒక పువ్వు సగం ఖాళీగా ఉండి, దాని ఎరుపు పక్కనున్న మామిడిపిందె మీద పడింది.

గణపతి తానుని ముక్కుకి ఆనేంత దగ్గరికి తెచ్చుకున్నాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు.

"బాన వేడెక్కువైంది. రంగు జారింది," అన్నాడు.

ఉడుకులో రంగు అలా జారదు. నిన్న పనిలో చేరినవాళ్ళకైనా అది తెలుసు. 

"అంతే అయ్యుంటుంది మావయ్యా," అన్నాడు కాంతారావు, నేల చూస్తూ. "కానీ అందరి ముందూ చెప్పిన మాట కదా."

గణపతి నడుముకి కట్టుకున్న రంగు గుడ్డ విప్పి, మడిచి, మళ్ళీ విప్పి, దులిపి మడిచాడు. వాకిలి దాకా నేరుగా నడిచాడు. అక్కడ మెట్టు ఉందని పాదంతో తడిమి దిగాడు.

పార్వతి చెప్పులేసుకుంటూ మాణిక్యం దగ్గర ఆగింది. "కంటితో చూశావు. నోటితో చెప్పలేదు. బల్ల నీదే వదినా, చల్లగా ఉండు."

"నువ్వు చెప్పచ్చుగా," అంది మాణిక్యం.

"నా బల్ల దూరం. నా అదృష్టం." పార్వతి నవ్వింది. "కోడూరులో మా అక్క దగ్గరికి పోతున్నా. చేలో కలుపు తీస్తే మాత్రం పరీక్ష పెట్టరంట."

*

ఆదివారం హైదరాబాదు నుంచి మాధవీలత అనే ఆవిడ కారులో వచ్చింది. ఆవిడకి రెండు బట్టల షాపులున్నాయి. ఓడ సరుకు ఆగిపోయాక కాంతారావు పదిమందికి ఫోన్లు చేస్తే వచ్చిన మనిషి ఈవిడొక్కతే. పరీక్ష తానులు చూపించడానికే మడతలు పెట్టి ఉంచాడని మాణిక్యానికి అప్పుడు అర్థమైంది.

మాధవీలత క్రాంతి తాను విప్పింది. మాణిక్యం తాను విప్పింది. వేలితో అంచు రుద్దింది.

"బావున్నాయి. కానీ ఇవి స్క్రీన్ ప్రింటే కదా?"

"లేదండీ, అమ్మతోడు. ఇదుగో ఈ అక్క చేత్తో వేసింది."

"నేను నమ్ముతాను. నా కస్టమర్ నమ్మదు కదండీ. మెషీన్ మీద ఇంతే నీటుగా సగం ధరకి వస్తోంది. చెయ్యి ఎక్కడుందో చూపించమంటుంది." ఆవిడ అటూ ఇటూ చూసి, రంగు డబ్బాల మీద కప్పి ఉన్న బట్ట దగ్గర ఆగింది. కొస పట్టి లాగింది. గణపతి తాను.

"అది పాడైందండీ," కాంతారావు అడ్డం వచ్చాడు. "దుమ్ము పడకుండా కప్పాం."

"పాడైందా?" ఆవిడ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి రెండు చేతులా చాపింది. "ఇదే కదండీ నాకు కావాల్సింది. ఎవరన్నా చూడగానే మనిషి వేశాడని చెప్తారు. ఒక ఆకులాగా ఇంకో ఆకు లేదు." బట్టని బుగ్గకి ఆనించుకుంది. "దసరా తర్వాతకి మూడు వందల మీటర్లు ఇస్తారా? ఇలాగే ఉండాలి. ఇంతకన్నా సరిగ్గా వద్దు. ఎవరు వేశారు?"

కాంతారావు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఈ అక్కేనండీ."

మాధవీలత మాణిక్యం చేతులు చాపించి, గోళ్ళలో నలుపు కనపడేలా తన ఫోనులో ఫోటో తీసుకుంది. బట్టకి కట్టే చీటీ మీద వేస్తానంది.

*

మాణిక్యానికి చేతకాలేదు.

మొదటి పూట అచ్చు పక్కకి పెడదామని పెడుతుంటే, దెబ్బ పడే వేళకి మణికట్టు దానంతటదే చోటుకి వచ్చేస్తోంది. రెండో పూట పళ్ళు బిగించి, ప్రతిదీ రెండు పోగులు కుడికి వేసింది. నాలుగు మీటర్లు ఉడకబెట్టి, ఫోటోలు పంపితే మాధవీలత గంటలో ఫోను చేసింది. కాంతారావు స్పీకరు పెట్టాడు.

"తప్పులన్నీ ఒకేలా ఉన్నాయండీ. ఇది అచ్చు తప్పులా ఉంది, చేతి తప్పులా లేదు. మొదటి బట్టలాంటిది ఇవ్వగలిగితేనే చెప్పండి. లేకపోతే వేరే ఊరు చూసుకుంటాను."

క్రాంతి కుమార్ కూడా ఒక మీటరు వేశాడు. తాగి వేసినట్టు వచ్చింది. "నావల్ల కాదు సార్," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "నేర్చుకోడానికి నాలుగేళ్ళు పట్టింది. మర్చిపోడానికి ఎనిమిది పట్టేట్టుంది."

వాడు వెళ్ళాక కాంతారావు నాలుగో బల్ల మీద కూర్చున్నాడు. పిల్లి పిల్లలని ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని ఇంకో మూట మీదికి మారుస్తోంది.

"మావయ్య తాను ఆ రోజు అలా ఎందుకొచ్చింది అక్కా?"

మాణిక్యం అచ్చులోని గాడి పుల్లతో గీకుతోంది. "కళ్ళు కనపడవు."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర."

"మరి ఇన్నాళ్ళూ సరిగ్గా ఎలా వచ్చింది?"

"నేను చెప్పేదాన్ని."

కాంతారావు ఆమెని చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది. లేదు. పోయిందనుకున్న వస్తువు ఎక్కడుందో తెలిసినవాడి ముఖం అది.

"ఆ మూడ్రోజులూ చెప్పలేదు."

"మీరు వద్దన్నారు."

"అన్నాను," అన్నాడు కాంతారావు. "అవును, అన్నాను."

*

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద ఇద్దరూ గణపతి ఇంటికి వెళ్ళారు. కాంతారావు అరడజను బత్తాయిలు కొన్నాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని గణపతి, కోడలు ఇచ్చిన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. ఈనె ఎటుందో వేలికి తెలుస్తోంది.

"గురువారం గుడివాడ వెళ్తున్నానబ్బాయ్," అన్నాడు, వచ్చిందెవరో గొంతుతో గుర్తుపట్టి. "ఖాళీగానే ఉన్నాగా. రెండో కన్ను కూడా కోయించేసుకుంటే తెల్లారో చీకటో తేలిపోద్దని కోడలంటోంది. డాక్టరు కూడా కుదురుద్దనే అన్నాడంట."

కాంతారావు బత్తాయిల సంచి మంచం కోడుకి తగిలించాడు. "ఇప్పుడెందుకు మావయ్యా? ఆపరేషనైతే నెల్రోజులు వంగనివ్వరు. నేనేమో మిమ్మల్ని తీసుకెళ్దామని వచ్చాను."

"ఎక్కడికి?"

"మీ బల్ల దగ్గరికి. హైదరాబాదు నుంచి మేడం వచ్చింది. మా నాన్న నాటి తాను, మీరేసింది, ఒకటి చూపించాను. ఈ చెయ్యే కావాలంది. మూడొందల మీటర్లు. వేరే వాళ్ళు వేస్తే తీసుకోదంట."

చిక్కుడుకాయ గణపతి వేళ్ళ మధ్య ఆగింది. ముఖం నెమ్మదిగా మాణిక్యం నిలబడ్డ వైపు తిరిగింది, రెండడుగులు పక్కగా.

"చూశావా అమ్మాయ్. రంగు జారిందని ఆ రోజే అన్నాను."

"అన్నావు బాబాయ్," అంది మాణిక్యం.

"అయితే అబ్బాయ్, ఒక మాట. నీ దగ్గర దాచాను, ఇంక దాచను. నాకు పటిక కనపడదు. మాణిక్యం పోగు వాసి కూడా తప్పకుండా చెప్పేది, నేను వేసేవాణ్ణి. ఆ పిల్ల పక్కనుంటేనే వస్తాను. దానికీ కూలి ఇవ్వాలి. మూడ్రోజులు నీ మాటకి కట్టుబడి నోరు మూసుకుంది. ఎంత నరకం పడిందో నాకు తెలుసు."

"అలాగే మావయ్యా. మీరెలా అంటే అలా. ఈ ఆర్డరు అవ్వగానే కంటికి నేనే బందరు తీసుకెళ్తాను. గుడివాడ సంగతి వదిలెయ్యండి."

గణపతి లోపలికి కేకేశాడు. "గురువారం బండి వద్దని చెప్పమ్మా. పని తగిలింది." ఆ గొంతులో పదేళ్ళు తగ్గాయి.

తిరిగొస్తూ రైల్వే గేటు ఇవతల కాంతారావు స్కూటరు ఆపాడు. ఇంజను ఆర్పలేదు.

"ఉన్నవి రెండు బల్లలే అక్కా. నల్లగీతలు క్రాంతి వేస్తాడు. పటిక మావయ్య వేస్తాడు. నువ్వు పక్కనుండాలి."

"ఉండి?"

"ఆయన అడిగితే చెప్పాలి. చెప్పకపోతే ఈసారి ఆగిపోతాడు, చూస్తున్నావుగా."

"ఏం చెప్పాలి?"

కాంతారావు అద్దంలో వెనక ఆటోని చూస్తూ అన్నాడు, "ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి. అప్పుడప్పుడూ సరిగ్గా కూడా చెప్పు. ఒకేలా చెప్తే ఆవిడ పట్టేస్తుంది."

"నేను చెప్పనంటే?"

"పార్వతికి ఫోను చేస్తా. చేలో వంగలేక చస్తున్నానని మొన్న మెసేజీ పెట్టింది పాపం." తర్వాత మెత్తగా అన్నాడు, "ఆయనకి పని దొరికింది. నీకు దొరికింది. నా షెడ్డు నిలబడింది. ఎవరికి నష్టం చెప్పు?"

మాణిక్యం స్కూటరు దిగలేదు.

*

మూడో బల్ల తీసి గోడకి నిలబెట్టారు. నాలుగో బల్ల పక్కన మాణిక్యం రంగు పెట్టె పట్టుకుని నిలబడింది. క్రాంతి గీతలు వేసిన బట్ట బల్ల నిండా బిగించి ఉంది. గణపతి ఉతికిన పంచె కట్టుకొచ్చాడు. అచ్చు కళ్ళకద్దుకున్నాడు. పెట్టెలో అద్దాడు. విదిలించాడు. బట్ట మీదికి తెచ్చి బెత్తెడు ఎత్తులో ఆపాడు.

"చెప్పమ్మా."

మాణిక్యం వంగి చూసింది. అచ్చు సరిగ్గా ఆకు మీద ఉంది. ఒక్క పోగు అటూ ఇటూ లేదు. పది రోజుల విశ్రాంతికో, తను పక్కనుందన్న నిబ్బరానికో, ముప్పై ఎనిమిదేళ్ళ చెయ్యి తన చోటు తనే వెతుక్కుని వచ్చి నిలబడింది. ఊరుకుంటే చాలు.

ఆఫీసు గది కిటికీలో కాంతారావు తల కనపడుతోంది.

"రెండు పోగులు కుడికి బాబాయ్."

గణపతి కదల్లేదు. నొసలు ముడిపడింది. "కుడికా? ఇక్కడే అంటోందే చెయ్యి."

"కుడికే."

"సర్లే. నీ కన్ను ముందు నా చెయ్యెంత." మణికట్టు కదిలింది. అచ్చు దిగింది. పిడికిలి నిండుగా పడింది. ఆయన ముఖం విచ్చుకుంది. "ఇలా ఉంటే ఆ ఆపరేషను మాత్రం ఎందుకు? నువ్వున్నావుగా."

మాణిక్యం పెట్టె ముందుకి జరిపింది. ఆయన అచ్చు అద్దుకుని, తర్వాతి ఆకు మీదికి తెచ్చాడు. ఇంకా నోరు తెరవలేదు.

"ఈసారి ఎడమకి," అంది ఆమె, "మూడు."